గీత దాటిన బండ

ఎర్రకొండ కింది బీడు నేలలో బతికే పశువులన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరి కొట్టంలో ఉన్నవే. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు బరువయ్యాయి. పాలు తగ్గాక గేదెలు బరువయ్యాయి. కాలు కుంటుపడితే గొర్రెలూ బరువయ్యాయి. కోతకి అమ్మడానికి మనసొప్పని రైతులు వాటిని తెచ్చి ఆ బీట్లో వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. చూస్తే వెళ్ళలేమని వాళ్ళకీ తెలుసు. అలా వదిలేసినవన్నీ కలిసి ఒక మంద అయ్యాయి. మందన్నాక కట్టుబాటు ఉండాలి. వాళ్ళ కట్టుబాటు నీళ్ళ దగ్గర పుట్టింది.

చలికాలం పోయేదాకా బీటి పక్క వాగులో నీళ్ళుంటాయి. ఎండలు ముదిరితే వాగులో ఇసుకే మిగులుతుంది. ఇక కనుమ దాటి అవతలి మడుగుకి పోవాల్సిందే. కనుమంటే రెండు రాతి గోడల మధ్య ఇరుకు దారి. పైన పొదల్లో నక్కలు కాచుకుని ఉంటాయి. మంద ఒక్క ముద్దగా నడిచిందా, నక్క తోక కూడా కనపడదు. మంద బారుగా సాగిందా, చివరన మిగిలిన దూడ మళ్ళీ బీటికి రాదు. అందుకని ముందు నడిచేవాళ్ళని ఏరి పెట్టుకుంటారు. దారిపెద్ద అంటారు. దారిపెద్ద అడుగు ఎంతో మంద అడుగు అంత.

చాలా ఏళ్ళు కపిల ఆవు దారిపెద్దగా ఉండేది. ఆ చలికాలంలో అది కన్ను మూసింది. కొత్త దారిపెద్ద కోసం మంద రేల చెట్ల కింద కూడింది. పిలవకపోయినా గుంటనక్క వచ్చి కూర్చుంది. "నేను ఆ కనుమ నక్కల్లాంటివాణ్ణి కాను, ఎలకలూ పీతలూ తప్ప ముట్టను" అని దాని రోజువారీ పాట. కొందరు నమ్మేవాళ్ళు. నమ్మనివాళ్ళు కూడా తరిమేవాళ్ళు కాదు, అది మాట చక్కగా చెబుతుందని.

"కాలం మారింది తల్లులారా!" అంది నక్క. "పెద్దరికం చూసి దారిపెద్దని పెట్టే రోజులు పోయాయి. పందెం పెట్టండి. ఒకటి కాదు, అయిదు. పరుగు, గండి దూకుడు, వాగు మడుగులో ఈత, బండ లాగుడు, కొండెక్కుడు. అన్నీ ఒకే పూట. ఏ ఒక్కదాంట్లో కూలబడ్డా ఇంటికే. చివరిదాకా నిలిచినవాళ్ళలో కొండ మీది తెల్లరాయిని ముందు ముట్టుకున్నవాడు దారిపెద్ద!"

అందరూ కోడెగిత్త వైపు చూశారు. బీట్లోనే పుట్టి, కాడి ఎరగకుండా పెరిగిన గిత్త. మూపురం కొండలా ఉంటుంది, నడిస్తే నేల అదురుతుంది. అది తల ఎగరేసింది.

"నాకు పోటీ ఎవరమ్మా ఇక్కడ?"

"నేను లేనూ!" అన్నాడు మేకపోతు గడ్డం ఊపుతూ. మంద ఘొల్లున నవ్వింది.

ఆ నవ్వుల మధ్య మైలన్న లేచి నిలబడ్డాడు.

మైలన్న ముసలి ఎద్దు. పళ్ళు అరిగి గడ్డి నమలడానికి పొద్దంతా పడుతుంది. మెడ మీద కాడి కాయ గట్టిపడి రాయిలా ఉంటుంది. లేచినప్పుడల్లా ముందు మోకాలు చిటుక్కుమంటుంది. ఆ చిటుకు ఆ రోజు మందంతా విన్నది.

"నేనూ ఉన్నాను" అన్నాడు.

నక్క చెవులు నిక్కబొడుచుకుంది. "ఎందులో మావా? ఈతలోనా?"

"అయిదింట్లో."

"ముసలి ముప్పున దసరా పండగా మావా!" అంది నక్క, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతూ.

"తాతా, నువ్వు పరుగు ముగించేలోపు నేను కొండెక్కి, దిగి, నెమరేసి, ఓ కునుకు కూడా తీస్తాను" అంది గిత్త.

"తియ్యరా అబ్బీ. నిద్ర ఒంటికి మంచిది" అన్నాడు మైలన్న.

మంద చెదిరాక నల్లమ్మ గేదె ఆయన దారికి అడ్డంగా నిలబడింది. నల్లమ్మకి లేకలేక పుట్టిన దూడ బుడ్డి. ముందు కాలు ఒంకర, ఎగిరెగిరి నడుస్తుంది.

"నీకు మతి పోయిందా మైలన్నా? గండిలో పడి నడుం విరగ్గొట్టుకుంటే నిన్ను లేపేవాళ్ళు ఎవరున్నారు?"

"గిత్త ముందు నడిస్తే మీ బుడ్డి ఎక్కడుంటుంది నల్లమ్మా?"

నల్లమ్మ తల తిప్పి బుడ్డి కోసం చూసింది.

"పోయిన వేసవిలో కపిలకి జ్వరమొచ్చిన రోజు గుర్తుందా? కుర్రాళ్ళు ముందు నడిచారు. హుషారుగా నడిచారు. కుంటి గొర్రె వెనక నించి అరుస్తూనే ఉంది. ఆగండి, ఆగండి అని. ఆ ఇరుకులో వెనక్కి తిరగడానికి చోటు లేదు. కాసేపటికి అరుపు ఆగిపోయింది." మైలన్న కనుమ వైపు చూశాడు. "ఆ ఆగిపోవడం ఉంది చూశావూ, అది నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. నాకు పదవి వద్దు. నాకు మెల్లిగా నడిచే హక్కు కావాలి. దానికోసం ఒక్క పూట గట్టిగా పరిగెత్తాలంటే పరిగెత్తుతాను."

"ఎలా?" అంది నల్లమ్మ. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"దుక్కి రోజున మొదటి సాలుకే ఒళ్ళంతా ధారపోసే ఎద్దుని ఏ రైతూ కొనడు. అయిదు పనులకి ఉన్నది ఒక్కటే ఒళ్ళు. దాన్ని పంచుకోవాలి."

ఆ రోజు నించి తెల్లారగానే మైలన్న కనిపించేది వాగు ఒడ్డునే. మొదట నడక, తర్వాత దుడుకు నడక, తర్వాత పరుగు. గండి దూకబోయి ఒకసారి బోర్లా పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. కాకులు పుండు చుట్టూ చేరాయి. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు. నల్లమ్మ వాటిని తోకతో తోలింది. "ఇక చాలు, ఇంతటితో మానెయ్" అని తిట్టింది. ఆయన మానలేదు. పుండు ఆరేదాకా ఈత కొట్టాడు, ఆరాక మళ్ళీ గండి దగ్గరికి పోయాడు. ఒళ్ళు నొచ్చిన రోజు తగ్గించాడు, నొప్పి తగ్గిన రోజు పెంచాడు. వయసు మళ్ళినవాడికి రోషం ఒక్కటే చాలదు, ఒంటితో బేరమాడడం తెలియాలి. ఆ బేరం గిత్తకి తెలియదు. దానికి ఇంకా అవసరం పడలేదు.

పందెం రోజు రానే వచ్చింది. పరుగులో గిత్త ముందు, మేకపోతు తర్వాత, మైలన్న అందరికన్నా వెనక. "మావా, నీ వెనక నత్త వస్తోంది, జాగ్రత్త!" అని నక్క అరిచింది. మైలన్న ఊపిరి తప్పకుండా చూసుకున్నాడు గానీ తల తిప్పలేదు.

గండి దగ్గర అసలు గండం. గిత్త గాలిలా దూకింది. మేకపోతు ఆడుతూ దూకాడు. మైలన్న దూకాడు. ముందుకాళ్ళు ఒడ్డున పడ్డాయి, వెనక గిట్ట జారింది. మట్టి పెళ్ళ విరిగి గండిలోకి పోయింది. నల్లమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆయన పొట్టతో ఒడ్డుని కరుచుకుని పైకి పాకుతున్నాడు. న్యాయం చెప్పే తాబేలు అవ్వ మెడ చాచి చూసి, "దూకాడు. నేను చూశాను" అంది. ఆవిడ మాటకి తిరుగు లేదు.

వాగు మడుగు ఒడ్డున మేకపోతు ఒక గిట్ట నీళ్ళల్లో పెట్టి తీసేశాడు.

"నాకు జలుబు."

"ఇప్పుడే వచ్చిందా?" అంది అవ్వ.

"చూడగానే వచ్చింది" అని వాడు తప్పుకున్నాడు.

ఈతలో గిత్త నీళ్ళని కొడుతూ పోయింది. మైలన్న నీళ్ళని కొట్టలేదు, ముక్కు పైకెత్తి, నీరు మోసినంత మేరా మొయ్యనిచ్చాడు. ఒడ్డెక్కేసరికి గిత్తకి ఆయనకి దూరం కాస్తే. నక్క మొహంలో నవ్వు మొదటిసారి చెదిరింది.

ఇక బండ. తాబేలు అవ్వ పొట్టతో ఈడ్చుకుంటూ పోయి ఇసుకలో గీత గీసింది. "బండ ఈ గీత దాటితే చాలు. అవతల ఎంత లాగినా దానికి వేరే లెక్క ఏమీ లేదు" అని గట్టిగా చెప్పింది. కొండ కోతులు తీగలు పేని బండకి కట్టాయి.

"పెద్దవాళ్ళు ముందు" అంది నక్క వంగి దండం పెడుతూ. "మైలన్న మావ ఒకప్పుడు పందెపు ఎద్దు. బండ లాగుడంటే ఆయనే! చూడండి, కళ్ళారా చూడండి!"

మైలన్న మెడ తీగకి ఆనించాడు. కాయ మీద బరువు పడగానే ఒంట్లో ఏదో పాతది మేలుకుంది. బండ కదిలింది. అప్పుడే మొదలైంది కేక.

"అహెయ్! అహెయ్! లాగరా నాయనా! లాగరా!"

గీతకి కాస్త అవతల దట్టమైన పొద. కేక అందులోంచి వస్తోంది. ఒక గొంతు కాదు, చాలా గొంతులు. అచ్చం మనిషి కేక. పందేల తిరునాళ్ళలో కొరడా పట్టుకుని పక్కన పరిగెత్తే మనిషి కేక. ఆ కేక వినపడితే పందెపు ఎద్దు ఆగదు. ఆగకూడదని దూడప్పటి నించి నేర్పుతారు. కేక ఉన్నంతసేపూ లాగాలి, కేక ఆగితే ఆగాలి. అంతే దానికి తెలిసిన శాస్త్రం.

మైలన్న కాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. గిట్టలు నేలని చీలుస్తున్నాయి. మంద కూడా కేక అందుకుంది. "లాగు మైలన్నా! లాగు!" చెవులు హోరెత్తాయి, కళ్ళ ముందు ఎర్రగా అయింది. బండ గీత దగ్గరికి వచ్చింది. గీతని తాకింది. దాటింది. కేక ఆగలేదు. ఇంకో అడుగు వేశాడు. ఇంకో అడుగు. మోకాలు చిటుక్కుమంది. నల్లమ్మ ఏదో అరుస్తోంది, వినపడలేదు.

ఊపిరి అందక నోరు తెరిచాడు. ఆ ఉక్కిరిబిక్కిరిలో ఒక సంగతి తట్టింది.

ఆయన్ని తోలిన గురవయ్య కూడా కేక వేసేవాడు. ఊరంతా అదిరేలా వేసేవాడు. కానీ మధ్యలో ఆపేవాడు. చెవి ఎద్దు ముక్కు దగ్గర పెట్టి రొప్పు వినేవాడు. రొప్పు సర్దుకున్నాకే మళ్ళీ కేక. రాత్రికి ఆ ఎద్దుకి ఉలవలు పెట్టాల్సింది వాడే, రేపు దుక్కికి కట్టాల్సిందీ వాడే. ఎద్దు కూలితే వాడి ఇల్లు కూలుతుంది. అందుకే వాడి కేకలో సందు ఉండేది.

ఈ కేకలో సందు లేదు. ఇది ఊపిరి వినే కేక కాదు.

మైలన్న ఆగిపోయాడు.

ఆగడం లాగడం కన్నా కష్టమైంది. తొడలు ఇంకా ముందుకి పోవాలని ఎగిరెగిరి పడుతున్నాయి. పళ్ళు బిగించి నిలబడ్డాడు.

"అంతేనా!" అని మంద ఉసూరుమంది.

"ఇదేనా మావా పందెపు ఎద్దు బలం? కుర్రతనంలో ఇంకో పొలం దూరం లాగేవాడివట గదా!" నక్క నాలిక చప్పరించింది.

"అప్పుడు సాయంత్రం కొండెక్కే పని ఉండేది కాదు నక్కా" అన్నాడు మైలన్న. పక్కకి పోయి, కాళ్ళు వెడల్పుగా పెట్టి, ఊపిరి తీసుకున్నాడు.

ఇప్పుడు గిత్త వంతు. కోతులు బండని వెనక్కి దొర్లించి గిత్త మెడకి కట్టాయి. గిత్త ఒక్క ఊపు ఊపింది. బండ ఎగిరినట్టు కదిలింది. పొదలోంచి కేక మళ్ళీ లేచింది. "అహెయ్! అహెయ్! లాగరా నాయనా!"

మైలన్న నక్క మొహం చూశాడు. నక్క చెవులు వెనక్కి వాలిపోయాయి. కళ్ళు పొద మీదే ఉన్నాయి. ఒక అడుగు అటు వేసింది.

"ఏయ్ నక్కా, ఎటు?" అంది తాబేలు అవ్వ. "పందెం అయ్యేదాకా లాగేవాళ్ళు తప్ప ఎవరూ గీత అవతలికి పోకూడదు. నువ్వు పెట్టిన నియమమే."

నక్క కూలబడింది. తోక నేలకి కొట్టుకుంటోంది. మైలన్నకి అంతా తేటగా కనిపించింది. పొదలో ఉన్నవి కనుమ నక్కలు. ఊరి తిరునాళ్ళలో ఎముకల కోసం తచ్చాడి ఆ కేక నేర్చినవి. ఎద్దు కూలేదాకా అరవమని గుంటనక్క వాటికి చెప్పి ఉంటుంది. దట్టమైన పొదలోంచి వాటికి బండ ఈడ్పు చప్పుడు వినపడుతుందే గానీ, లాగేది ఎవరో కనపడదు. ఇప్పుడు ఆపమని అరిస్తే గుంటనక్క గుట్టు మందంతటికీ తెలుస్తుంది. అరవకపోతే అది గెలిపించాలనుకున్న గిత్తే చిత్తవుతుంది.

గిత్త లాగిన బండ గీత దాటింది.

"ఆగరా అబ్బీ!" మైలన్న గొంతు చించుకున్నాడు. "గీత అయిపోయింది! ఆగు! ఇంకా కొండ ఉంది!"

"కుళ్ళుకోకు తాతా!" అంది గిత్త రొప్పుతూ. "నువ్వు లాగలేనిది నేను లాగుతుంటే ఓర్వలేవు!"

"చాలురా గిత్తా, చాలు" అని నక్క గొణిగింది. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? మంద కూడా పిచ్చిగా అరుస్తోంది. గిత్త కళ్ళు మెరుస్తున్నాయి. కాడి ఎరగని మెడ, కేక ఎరగని చెవి. అన్ని గొంతులు తనని పిలవడం దాని బతుకులో అదే మొదటిసారి. గీత దాటిన బండ ఇసుకలో లోతుగా సాలు తీస్తూ పోయింది, పోయింది, పోయి పొదకి తగిలింది. పొద లోపల ఏవో కుయ్యోమని చెల్లాచెదురయ్యాయి. కేక ఆగింది.

గిత్త నిలబడే ఉంది. వెనక తొడ మాత్రం గాలికి ఆకు వణికినట్టు వణుకుతోంది.

"ఏమిటా ఊళలు?" అంది నల్లమ్మ పొద వైపు చూస్తూ. నక్క వినపడనట్టు కొండ వైపు తిరిగింది. "ఇక కొండ! పదండి, పదండి!"

గిత్త నిటారుగా ఎక్కడం మొదలుపెట్టింది. రాళ్ళు దాని గిట్టల కింది నించి దొర్లి వస్తున్నాయి. మైలన్న వాటిని తప్పించుకుంటూ వాలుగా నడిచాడు. బండి కట్టిన ఎద్దు గట్టెక్కేటప్పుడు నడిచినట్టు, కాస్త కుడికి, కాస్త ఎడమకి. దారి పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. గిత్త మరీ పైకి పోయింది. కింద నల్లమ్మ బుడ్డిని పొట్ట కిందికి లాక్కుంది. మైలన్న గుండె పక్కటెముకల్ని గుద్దుతోంది. మోకాలు నిప్పులా మండుతోంది. పైకి చూడకూడదనుకున్నాడు. ముందున్న రాయి ఒక్కటే చూశాడు. ఆ రాయి దాటాడు. తర్వాతి రాయి చూశాడు.

అలా చూస్తూ చూస్తూ ఒక రాయి పక్కన గిత్తని చూశాడు.

గిత్త వెనక కాలు బిగుసుకుపోయింది. ఒక్క అడుగు పైకి పోలేదు, కిందికి దిగలేదు. నోటి వెంట నురగ. కళ్ళల్లో భయం.

"తాతా... కాలు..."

"కదలకు. ఆ రాయికి ఒళ్ళు ఆనించి నిలబడు. పట్టు దానంతటదే వదులుతుంది. దిగేటప్పుడు నేను తోడుంటాను."

"తాతా, ఎవరు అరిచారు నాకోసం?"

"నీకు పిడికెడు గడ్డి పెట్టనివాళ్ళు" అన్నాడు మైలన్న. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. మళ్ళీ వాలుగా నడక సాగించాడు. పొద్దు వాలుతుండగా కొండ మీది తెల్లరాయికి కొమ్ము ఆనించాడు. కింద మంద అరిచింది. ఆయన వినే స్థితిలో లేడు. ఆ రాయి మీదే గడ్డం పెట్టి చాలాసేపు రొప్పాడు.

ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. మంద కనుమ దారి పట్టింది. ముందు మైలన్న. ఆయన పక్కనే, ఎగిరెగిరి నడిచే బుడ్డి. బుడ్డి ఆగితే మైలన్న ఆగాడు. మైలన్న ఆగితే మంద ఆగింది. "ఇలా నడిస్తే మడుగు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది" అని మేకపోతు సణిగాడు. "అయితే అవుతుంది. అందరం చేరతాం గదా" అంది నల్లమ్మ.

పైన బండ మీద గుంటనక్క, దాని చుట్టూ డొక్కలెండిన కనుమ నక్కలు.

"ఏం మావా, వెనకబడ్డవన్నీ మనకే అన్నావు?" అంది ఒకటి.

"ఆగరా. చివర్న వస్తాయి. కుంటివి, ముసలివి, అన్నీ చివర్నే వస్తాయి."

చివర్న వచ్చింది కోడెగిత్త. తల దించి, కొమ్ములు రెండు గోడలకీ రాసేలా ఊపుకుంటూ, మంద తోకని కాచుకుంటూ వచ్చింది. బండ కిందికి రాగానే తలెత్తి పైకి చూసి, నేలని ఒక్కసారి గిట్టతో గీరింది. దాని వెనక దారి ఖాళీ.

"గొంతులు పోయేలా అరిచాం" అంది ఇంకో నక్క లేచి నిలబడుతూ. "ఎవరి కొంప ముంచావో చెప్పు. ఆ ముసలాడిదా, మాదా?"

"తొందరపడకండిరా, ఇంకో ఉపాయం..."

ఆ ఉపాయం ఏమిటో ఎవరూ వినలేదు. కనుమ రాళ్ళ మీద గుంటనక్క పరుగు, దాని వెనక ఆకలి నక్కల పరుగు, కింద మంద నీళ్ళు తాగేదాకా వినిపిస్తూనే ఉన్నాయి.

నీతి: పరాయి కేకకి బండ లాగినవాడికి సొంత కొండెక్కే కాళ్ళు మిగలవు.